నాన్న రేకుపెట్టెలో పాటల పుస్తకాలు, సినిమా కరపత్రాలు: స్కాన్ చేశాక కాగితాలు ఏం చేయాలి?

రేపల్లె_పాసింజర్ | శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా నాన్నకి 82. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి అమ్మానాన్నల్ని నా దగ్గరికి తెచ్చుకున్నాం. అటక మీంచి ఒక రేకుపెట్టె దిగింది. పాత బట్టలేమో అనుకుని తీస్తే అన్నీ సినిమా పాటల పుస్తకాలు. లెక్కపెడితే 212. వాటి కింద పల్చటి రంగు కాగితాల కట్ట. టూరింగు టాకీసు వాళ్లు బండికి మైకు కట్టుకుని ఊరంతా విసిరేసి పోయేవారు చూడండి, ఆ కరపత్రాలు. ఓ తొంభై ఉంటాయి. డేరా హాలు పక్కనే మా తాతయ్యకి సైకిల్ స్టాండు ఉండేది. అక్కడ పోగైనవే ఇవన్నీ.

ఫోన్లో స్కానర్ యాప్ వేసుకుని నాలుగు రోజుల్లో 41 పుస్తకాలు, ముప్ఫై కరపత్రాలు లాగించేశాను. ఫైళ్లు బాగానే వచ్చాయి, తెల్లగా, నీట్‌గా. పుస్తకాల్లో ఎవరో పెన్సిల్‌తో గీసిన పిచ్చి గీతలుంటే అవి కూడా చెరిపేసి శుభ్రం చేశాను.

ఇప్పుడు సమస్య ఏమిటంటే ఫ్లాట్‌లో చోటు లేదు. ఆ పెట్టె తెరిస్తే చాలు, మా ఆవిడకి తుమ్ములు. స్కానింగ్ అయ్యాక పాత పేపర్లవాడికి వేసేస్తే తప్పా? జెరాక్స్ షాపాయన లామినేషన్ చేయించమంటున్నాడు, ఒక్కోటి పాతిక రూపాయలట.

మచ్చుకి ఒక కరపత్రం పెడుతున్నాను. పై సగం చిరిగిపోయింది, సినిమా పేరు లేదు. సంవత్సరం ఎక్కడా వేయలేదు. ఉన్నదిదీ:

"సంక్రాంతి కానుక! 9-వ తేది శుక్రవారం నుండి. రోజూ రెండు ఆటలు. నేల 19 న.పై. బెంచి 31 న.పై. కుర్చీ 50 న.పై." అడుగున "…ప్రెస్, తెనాలి".

కలరా_ఉండ | శనివారం, రాత్రి 10:15

బాబూ, ముందు ఆ లామినేషన్ ఆపు. తక్కినవి తర్వాత మాట్లాడుకుందాం.

నేను ముప్ఫై ఏళ్లు గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని. లామినేషన్ అంటే వేడి చేసి జిగురు పట్టించడం. ఒకసారి పట్టిందంటే మళ్లీ ఊడదీయలేం. ఆ కాగితం అసలే నాసిరకం, అందులోని ఆమ్లమే దాన్ని తింటూ ఉంటుంది. పైన ప్లాస్టిక్ వేశామని లోపల తినడం మానదు. మాకు ఎవరో పెద్దాయన లామినేషన్ చేయించి ఇచ్చిన పాత ప్రోగ్రాం కాగితాలు పదేళ్లకే గోధుమరంగు తిరిగి, అంచుల్లో గాలి బుడగలొచ్చి, చూడబుద్ధి కాకుండా పోయాయి.

పాటల పుస్తకాలకి నడుమ స్టేపుల్ పిన్నులు ఉంటాయి కదా, అవి తుప్పు పట్టి ఉంటాయి. వెనకవైపు కాళ్లు మెల్లగా పైకెత్తి పిన్ను తీసెయ్యి. లాగకు, లాగితే తుప్పుతో పాటు కాగితమూ వస్తుంది. అవసరమైతే తెల్ల నూలుదారంతో ఒక్క కుట్టు వేసుకో. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకు. కలరా ఉండలు కాగితానికి తగలకుండా పెట్టెలో ఓ మూల గుడ్డలో కట్టి వేస్తే చాలు. (నా పేరు చూసి నవ్వుకోకండి, మా స్టాఫ్ పెట్టిన పేరే అది.) మీ ఆవిడ తుమ్ములకి కారణం వాసన కాదు, దుమ్ము. బాల్కనీలో మెత్తటి బ్రష్షుతో, ముక్కుకి మాస్కు కట్టుకుని దులుపు.

ఒక్క మాట అడగనా? ఆ కరపత్రం వెనకవైపు ఏముంది?

అణా_కానీ | శనివారం, రాత్రి 11:03

పాసింజర్ గారూ, ఆ 19, 31 చూసి ప్రాణం లేచొచ్చిందండీ నాకు! నాణేల పిచ్చి ఉన్నవాణ్ణి, కాస్త ఓపిక పట్టండి.

న.పై. అంటే నయాపైసలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. 1964 జూన్ 1 నుంచి "నయా" తీసేసి వట్టి పైసలన్నారు. కాబట్టి మీ కాగితం ఈ ఏడేళ్ల లోపుదే.

ఇంకా ఉంది. నేల టికెట్ 19 ఏమిటి, 20 పెట్టొచ్చుగా? రూపాయికి 16 అణాలు కాబట్టి అణాకి ఆరుంబావు నయాపైసలు. మూడణాలంటే 18.75, దాన్ని 19 చేశారు. అయిదణాలు 31.25, అది 31 అయింది. ఎనిమిదణాలు సరిగ్గా 50. అంటే ఆ హాలువాడు రేటు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. పాత అణాల రేటునే పట్టిక చూసి కొత్త డబ్బుల్లోకి మార్చుకున్నాడు. కౌంటర్లో సగంమంది మూడణాలే ఇచ్చి ఉంటారు, రెండు రకాల నాణేలూ కొన్నాళ్లు కలిసే తిరిగాయి మరి.

డల్లాస్_పంతులు | ఆదివారం, తెల్లవారుజామున 4:20

నేను కేలండర్ చూశాను. జనవరి 9 శుక్రవారం వచ్చింది 1953లో. ఆంధ్ర రాష్ట్రం రాకముందుది అన్నమాట!

అణా_కానీ | ఆదివారం, ఉదయం 7:11

పంతులుగారూ, 1953లో నయాపైసలు ఎక్కడివండీ? కేలండర్ ఐడియా మాత్రం భేష్. అదే పద్ధతిలో 1958 నుంచి 1964 దాకా ప్రతి జనవరీ చూశాను. 9వ తేదీ శుక్రవారం పడింది ఒక్క 1959లోనే. ఆ తర్వాత మళ్లీ 1970. సంక్రాంతి కానుక అన్నారు కాబట్టి జనవరే. 1959 జనవరి 9. రాసి పెట్టుకోండి, పాసింజర్ గారూ.

డల్లాస్_పంతులు | ఆదివారం, ఉదయం 7:40

ఒప్పుకున్నాను. ఇక్కడ రాత్రి తొమ్మిది దాటింది, తప్పులు సహజం.

రేపల్లె_పాసింజర్ | ఆదివారం, ఉదయం 8:05

అబ్బ! నేను "పాత కరపత్రం 17" అని సేవ్ చేశాను దాన్ని.

కలరా ఉండ మేడం, వెనకవైపు ఏదో పెన్సిల్‌తో రాసి ఉంది, లెక్కలు. చిత్తుకాగితంలా వాడినట్టున్నారు. దాన్ని స్కాన్ చేయలేదు. మిగతావాటి వెనక కూడా అలాంటివే ఉంటే వదిలేశాను.

డీపీఐ_దాసు | ఆదివారం, ఉదయం 9:30

అన్నా, కొంచెం గట్టిగా చెప్తున్నా, ఏమీ అనుకోకు. ఆ 41 పుస్తకాలూ మళ్లీ చేయాలి.

ఫోన్ యాప్ "శుభ్రం" చేసిందని మురిసిపోతున్నావు చూడు, అసలు గోల అక్కడే. ఆ ఫిల్టర్ లేతగా ఉన్నదాన్నంతా మరక అనుకుని తెలుపు చేసేస్తుంది. గులాబీ కాగితం తెల్లకాగితమైపోతుంది, పెన్సిల్ రాత మాయం, రబ్బరు స్టాంపు మాయం. కరపత్రం ఏ రంగు కాగితం మీద వేశారో ఇక నీ ఫైల్ చూసి ఎవరూ చెప్పలేరు.

అసలు స్కాన్ ఒకటి, చూపించే కాపీ ఒకటి, రెండూ వేరువేరుగా ఉండాలి. మూడు నాలుగు వేలకి పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. కలర్‌లో, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఫైల్‌గా తీసి దాని జోలికి వెళ్లకు. వాట్సాప్‌లో పంపడానికి దాన్నుంచి చిన్న జేపెగ్ చేసుకో. క్రాప్ చేసేటప్పుడు కాగితం అంచు బయట వేలెడు చోటు వదులు. అంచు కనబడితేనే చిరిగిందా, కత్తిరించారా అన్నది తెలుస్తుంది.

పల్చటి కాగితమైతే వెనక అచ్చు ముందుకి కనబడి గజిబిజిగా వస్తుంది. పైన నల్లటి చార్టు ముక్క పరిచి మూత వెయ్యి, చాలావరకు పోతుంది. ఈ చిట్కా తెలియక నేను ఓ పెళ్లిపాటల నోటుబుక్కు మొత్తం పాడు చేసుకున్నా ఒకప్పుడు.

పాతపేపర్_కొంటాం | ఆదివారం, ఉదయం 11:48

ఇంత హడావుడి ఎందుకో నాకు అర్థం కాదు. పారేయడానికే అచ్చేసిన కాగితం అది. చదివి పకోడీలు చుట్టుకున్నారు, అయిపోయింది. మా అమ్మమ్మ పాల చీటీలు, కిరోసిన్ చీటీలు అన్నీ దాస్తే ఇంట్లో మనుషులుండటానికి చోటుండదు. మర్చిపోవడం కూడా అవసరమే. కావాలంటే పాటల పుస్తకాలు నాకు అమ్మండి, మంచి రేటు ఇస్తా, నంబరు మెసేజ్ చేస్తున్నా.

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

కొనుగోలు, అమ్మకం చర్చ ఇక్కడ వద్దు. నంబరు ఉన్న భాగం తీసేశాను. అభిప్రాయం ఉంచాను, అది చర్చించదగ్గదే.

ఓరుగల్లు_పిల్ల | ఆదివారం, మధ్యాహ్నం 1:25

పాతపేపర్ అన్నా, నువ్వన్నదాంట్లో సగం నిజం. అన్నీ దాచలేం. కానీ ఏది పోతుందో మనం అనుకున్న లెక్కన పోదు. నా సంగతి చెప్తా.

మా పెదనాయిన ఆర్టీసీ కండక్టర్. ఆయన దగ్గర 80ల నాటి టికెట్ల కట్టలు మిగిలినవి, రంగురంగులవి, ప్రెస్‌లో అచ్చేసినవి. ఇప్పటికీ నిన్న కొట్టించినట్టే ఉన్నయి. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు హన్మకొండ నుంచి హైదరాబాద్ తిరిగిన మెషిన్ టికెట్లు కూడా ఒక ప్లాస్టిక్ కవర్‌లో దాచుకున్నా, జ్ఞాపకానికి. పోయిన ఏడాది తీసి చూస్తే అన్నీ తెల్ల కాగితాలు! ఒక్క అక్షరం లేదు. ఆ మెషిన్ కాగితానికి సిరా ఉండదట, వేడి తగిలితే నల్లబడే పూత మాత్రమే. ఎండకి, వేడికి, పైగా నేను భద్రం అనుకున్న ఆ ప్లాస్టిక్ కవర్ వల్లనే ఇంకా తొందరగా పోయిందట. నలభై ఏళ్ల టికెట్ ఉంది, పదమూడేళ్ల టికెట్ లేదు.

అందుకే చెప్తున్నా, ఏటీఎం చీటీలు, ఆస్పత్రి బిల్లులు, మెషిన్ టికెట్లు ఉంటే ముందు అవి ఫొటో తీయండి. 1959 కరపత్రం ఇంకో నెల ఆగుతుంది.

ఇంకొకటి, అణా కానీ అన్నా: మా దిక్కు పాత కాగితాలకి నీ నయాపైసల లెక్క ఒక్కటే సరిపోదు. నిజాం కాలంలో హాలీ సిక్కా అని వేరే డబ్బు నడిచింది, ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ధర పక్కన ఏ సిక్కా అని రాసి ఉందో చూడాలి.

అణా_కానీ | ఆదివారం, మధ్యాహ్నం 1:50

నిజమేనమ్మా. హాలీ సిక్కా ధర ఉన్న సినిమా కాగితం ఒక్కటి చూపిస్తే నీకు జీవితాంతం రుణపడి ఉంటా.

డల్లాస్_పంతులు | ఆదివారం, సాయంత్రం 6:32

స్కాన్ చేసి నెట్‌లో పెట్టేస్తే భద్రం అనుకునేవాళ్లకి నా అనుభవం.

2006 ప్రాంతంలో నా దగ్గరున్న నాటకాల కరపత్రాలు, సురభి వాళ్ల ప్రోగ్రాం కాగితాలు కొన్ని స్కాన్ చేసి ఓర్కుట్‌లో ఒక బృందంలో పెట్టాను. కింద వచ్చిన వ్యాఖ్యలే అసలు బంగారం. "ఈ సత్యభామ వేషం మా మేనత్త కట్టింది", "ఈ హాలు ఇప్పుడు కల్యాణమండపం" అని జనం రాశారు. 2014 సెప్టెంబరు 30న ఓర్కుట్ మూసేశారు. బొమ్మలు నా దగ్గరున్నాయి. వ్యాఖ్యలు పోయాయి. ఆ మేనత్తగారి పేరేమిటో ఎంత తల బాదుకున్నా గుర్తు రాదు.

యాహూ గ్రూపుల్లో మరికొన్ని పెట్టాం. 2019 డిసెంబర్లో అక్కడి పాత ఉత్తరాలు, ఫైళ్లు అన్నీ తుడిచేశారు. ఇంకో వేదికలో బొమ్మలు ఫొటోబకెట్ ద్వారా అతికించాను, 2017లో వాళ్లు ఉచితంగా బయట చూపించడం ఆపేశారు. ఆ చర్చ ఇప్పటికీ ఉంది, బొమ్మ ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బాలు. "అద్భుతం మాస్టారూ" అని పొగడ్తలున్నాయి, దేన్ని పొగిడారో తెలియదు.

పెట్టెలో కాగితాన్ని అరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోకపోయినా బతికింది. కంప్యూటర్లో ఫైల్‌ని పదేళ్లు పట్టించుకోకపోతే బతకదు. అందుకని కాగితం పారేయకండి పాసింజర్ గారూ.

అను_ఫాంట్ | ఆదివారం, రాత్రి 8:47

పంతులుగారి మాటకి నాదొక తోక.

1998 నుంచి 2012 దాకా బెజవాడలో శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు డీటీపీ చేశాను. అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. సీడీల నిండా వేల ఫైళ్లున్నాయి. ఒక్కో కుటుంబంలో మూడు తరాల పేర్లు, ఊళ్లు, ఇంటిపేర్లు, ముహూర్తాలు. ఎవరైనా చరిత్ర రాసుకునేవాళ్లకి పండగే.

ఇప్పుడు కొత్త కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క రాదు, అంతా ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప. అది యూనికోడ్ కాదు కదా. తెలుగు అక్షరం ముక్కల్ని ఇంగ్లీషు మీటల మీద కూర్చోబెట్టిన ఫాంట్లు అవి. ఫాంట్ ఉంటేనే తెలుగు, లేకపోతే గోల. పాత డబ్బా ఒకటి ఇంకా బతికి ఉంది నా దగ్గర, రోజూ రాత్రి ఓ ఇరవై ఫైళ్లు తెరిచి ఫాంట్ లోపలే ఉండిపోయేలా పీడీఎఫ్ చేస్తున్నా. సీడీల్లో పదికి మూడు చదవట్లేదు. ఆ డబ్బా ఏనాడు పొగ వదులుతుందో అని రోజూ టెన్షనే.

ఈ మధ్య పెళ్లిళ్లకైతే వాట్సాప్‌లో వీడియో కార్డు. ఫోన్ మారిస్తే అదీ లేదు. అచ్చు కార్డు బీరువాలోనైనా ఉండేది.

సెక్షన్_మూడు | ఆదివారం, రాత్రి 10:30

లాయర్ని. అడక్కపోయినా చెప్తాను, అది మా వృత్తి జబ్బు.

కరపత్రం అడుగున ప్రెస్సు పేరు, ఊరు ఎందుకుంటాయో తెలుసా? వాళ్ల ప్రచారం కోసం కాదు. 1867 నాటి ప్రెస్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం అచ్చేసిన ప్రతి పుస్తకం మీదా, కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు ఉండాలి. (నా పేరు అక్కణ్ణించే.) తెల్లదొరలు ఎవరేం అచ్చేస్తున్నారో కనిపెట్టడానికి పెట్టిన నిబంధన మనకిప్పుడు చరిత్ర అందిస్తోంది. 2024 మార్చి 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చి దీన్ని తీసేసింది. మీరు స్కాన్ చేసేటప్పుడు అడుగు లైను కత్తిరించకండి.

నెట్‌లో పెట్టొచ్చా అంటే: ఎవరి పేరూ లేని 1959 కరపత్రానికి ప్రచురణ తర్వాత 60 ఏళ్లు కాపీరైట్, అది 2019తో ముగిసింది. పాటల పుస్తకం అలా కాదు. పాట రాసిన కవి పోయాక 60 ఏళ్లు లెక్క. పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు కాబట్టి ఆయన పాటలకి 2031 చివరిదాకా హక్కులుంటాయి. పుస్తకం మొత్తం స్కాన్ చేసి ఇంట్లో దాచుకోండి. బయటికి మాత్రం ప్రస్తుతానికి అట్ట, నటవర్గం, కథాసంగ్రహం వరకు పెట్టుకోవడం క్షేమం. కథాసంగ్రహం ఎలాగూ "శేషం వెండితెరపై చూడండి" దగ్గర ఆగిపోతుంది లెండి.

డీపీఐ_దాసు | ఆదివారం, రాత్రి 10:52

ఆ "శేషం వెండితెరపై" చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. కొన్ని సినిమాలకి ఇప్పుడు వెండితెరే లేదు, ప్రింట్లు పోయాయి. మిగిలింది ఆ నాలుగు పేజీలే, అవీ సగం కథ దగ్గర ఆగిపోయి ఉంటాయి.

కలరా_ఉండ | సోమవారం, ఉదయం 6:40

దాసూ, మన తొలి టాకీ "భక్త ప్రహ్లాద" సంగతే చూడు. ఆ సినిమా ప్రింటు ఈరోజు లేదు. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ల తరబడి రాసుకున్నాం, ఆ రోజు సభలు కూడా చేశాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వి, 1932 జనవరి 22న సెన్సారైందని, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తేల్చారు. ఆ రోజుల్లో ఎవరికీ పనికిరాని కాగితాలవి. పాతపేపర్ గారు అడిగారు కదా, ఎందుకింత హడావుడి అని. అందుకు.

అయితే ఆయన అన్న రెండో మాట నేనూ ఒప్పుకుంటాను. అన్నీ ఉంచలేం. మా లైబ్రరీలో ఒకే పాటల పుస్తకం ఎనిమిది కాపీలుంటే ఏడు ఇచ్చేసేవాళ్లం. ఇవ్వబోయే ముందు ఎనిమిదీ తిరగేసేదాన్ని, ఏదో ఒకదాని మీద షాపు స్టాంపో, ఎవరి పేరో ఉంటుంది. అది ఉంచుకునేదాన్ని.

పాసింజర్ బాబూ, ఆ పెన్సిల్ లెక్కలు ఏమయ్యాయి?

రేపల్లె_పాసింజర్ | సోమవారం, రాత్రి 9:55

మేడం, నిన్న రాత్రి ఆ కరపత్రం తిప్పి, పక్కనుంచి టార్చి వేసి చదివాను. పెన్సిల్ మెరుపు అలాగైతే బాగా కనబడుతోంది. చదివాక కాసేపు ఏమీ తోచలేదు.

అది ఆ రాత్రి సైకిల్ స్టాండు పద్దు. వరసగా ఊళ్ల పేర్లు, మనిషి పేరు, ఎదురుగా డబ్బులు ముట్టినట్టు టిక్కు. భట్టిప్రోలు నుంచి 11 సైకిళ్లు, వెల్లటూరు 9, చెరుకుపల్లి 6, నగరం 4. మిగతావి మా ఊరివే, పేరు ఒక్కటే ఉంది. కొందరి పేరు పక్కన "బాకీ". ఒకాయన పేరు పక్కన "బాకీ, పాతది కూడా". మొత్తం 46 సైకిళ్లు.

ముందువైపు హాలువాడు ఏం ఆడించాడో, వెనకవైపు చూడ్డానికి ఎవరెవరు తొక్కుకుంటూ వచ్చారో. నేను ఒక్కవైపే స్కాన్ చేసి రెండోది పాత పేపర్లవాడికి వేద్దామనుకున్నా!

మిగతా కరపత్రాలు కూడా తిప్పాను. యాభై రెండింటి వెనక పద్దులున్నాయి. ఈ కట్ట దాచింది సినిమా కోసం కాదేమో, బాకీల కోసమే దాచారేమో అనిపిస్తోంది.

అణా_కానీ | సోమవారం, రాత్రి 10:02

యాభై రెండు రాత్రులు! ఎక్సెల్‌లో ఎక్కించండి దయచేసి. ఏ సినిమాకి ఎంత దూరం నుంచి సైకిల్ వచ్చిందో తెలిసిపోతుంది.

సెక్షన్_మూడు | సోమవారం, రాత్రి 10:20

ఆగండాగండి. ఆ పేర్లున్న వాళ్ల పిల్లలు, మనవలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉంటారు. "మీ తాత సైకిల్ స్టాండుకి ఎగ్గొట్టాడు" అని నెట్‌లో పెట్టడం బాగుండదు. చట్టం సంగతి తర్వాత, మర్యాద కాదు. ఊరి పేరు, సైకిళ్ల లెక్క బయట పెట్టండి. మనుషుల పేర్లున్న అసలు స్కాన్ మీ దగ్గర ఉంచుకోండి, కాగితం ఏదైనా గ్రంథాలయానికి ఇస్తే అక్కడ వచ్చి చూసేవాళ్లు చూస్తారు.

ఓరుగల్లు_పిల్ల | సోమవారం, రాత్రి 10:41

ఫైల్ పేరులో పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయండి అన్నా. కాగితం మీద గుంటూరు జిల్లా అని ఉంటుంది, 2022 నుంచి ఆ ఊళ్లు బాపట్ల జిల్లా. రేపు వెతికే పిల్లలు ఏది కొడతారో మనకేం తెలుసు?

డీపీఐ_దాసు | సోమవారం, రాత్రి 11:15

దీనికి నాదీ వంత. లక్షల తెలుగు పుస్తకాలు స్కాన్ అయి నెట్‌లో ఉన్నాయి, కానీ చాలావాటికి పేరు ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. రచయిత దగ్గర "నాట్ ఎవైలబుల్". పుస్తకం మీద పేరు ఇంత లావున ఉంటుంది! ఉన్నా లేనట్టే. ఓసీఆర్ చేస్తే (అంటే బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్‌తో చదివిస్తే) వెతుక్కోవచ్చు కదా అంటారు, పాత అచ్చులో వలపలగిలక (అక్షరం పక్కన వేసే పాతకాలపు 'ర్' గుర్తు) వచ్చిందంటే చాలు, ఆ మాట సర్వనాశనం. ఒక్కో ఫైల్‌కీ రెండు లైన్లు తెలుగులో చేత్తో కొట్టుకోవాల్సిందే. ఏ కాగితం, ఏ ఊరు, ఏ తేదీ, ఆ తేదీ ఎలా తేల్చాం. "1959 అనుకుంటున్నాం, ఎందుకంటే న.పై. ఉంది, 9 శుక్రవారం" అని కారణం కూడా రాయి. రేపు అణా కానీ గారి లెక్క తప్పైతే దిద్దుకోవచ్చు.

అణా_కానీ | సోమవారం, రాత్రి 11:17

తప్పు కాదు.

డల్లాస్_పంతులు | మంగళవారం, ఉదయం 5:05

కాగితాలు ఇవ్వదలిస్తే మీ పక్కనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918 నాటిది, పాత పత్రికలకి పెట్టింది పేరు. వెళ్లేముందు ఒకసారి అడగండి, విడి కాగితాలు తీసుకుంటారో లేదో. ఎక్కడికిచ్చినా స్కాన్ కాపీలు మాత్రం మూడు చోట్ల ఉంచండి. ఒక్కచోటే పెట్టుకుంటే ఏమవుతుందో 2000 ఆగస్టు వరదలో చూశాం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి ఎన్ని ఉర్దూ పుస్తకాలు తడిసిపోయాయో.

మీ నాన్నగారిని అడిగారా అసలు?

రేపల్లె_పాసింజర్ | గురువారం, రాత్రి 10:30

అడిగాను. రెండు రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

నాన్నకి చూపు మందగించింది. పద్దు నేను చదువుతుంటే మంచం మీద కూర్చుని విన్నారు. "భట్టిప్రోలు పదకొండు" అనగానే "రాసింది నేనేరా" అన్నారు. తాతయ్య సైకిళ్లు పెడుతూ పేర్లు కేకేస్తుంటే, నాన్న లాంతరు దగ్గర కూర్చుని రాసేవారట. అప్పుడు ఆయనకి పదిహేనేళ్లు. సంక్రాంతి రోజులు కదా, మంచుకి సీట్లు తడిసిపోయేవట. ఆట వదిలేముందు గుడ్డ పట్టుకుని నలభై ఆరు సీట్లూ తుడవడం ఆయన పని. తుడవకపోతే డబ్బులివ్వకుండా పోయేవాళ్లట. "బాకీ, పాతది కూడా" ఎవరో చెప్పారు. ఇక్కడ రాయను, సెక్షన్ మూడు గారు కోప్పడతారు.

సినిమా ఏదో అడిగితే, "నాకేం తెలుసు, నేను లోపలికి వెళ్తేగా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మరి 212 పాటల పుస్తకాలు?

స్టాండు వదిలి వెళ్లడానికి తాతయ్య ఒప్పుకునేవారు కాదట. నాన్న సినిమాలన్నీ డేరా బయట కూర్చుని విన్నవే. మాటలు సరిగా తెలిసేవి కావు, పాటలు మాత్రం వినబడేవి. ఏ పాట ఏదో పట్టుకోవడానికి పుస్తకం కొనుక్కునేవారు. లాంతరు వెలుతురులో చరణం చరణం చూసుకుంటూ, బయటికి సరిగ్గా వినబడిన పంక్తి పక్కన పెన్సిల్‌తో చిన్న గీత. వినబడనిదాని పక్కన ఏమీ లేదు. మర్నాడు రెండో ఆటకి మళ్లీ అదే పుస్తకం పట్టుకుని మిగిలినవి పూర్తి చేసేవారట.

దాసన్నా, నేను "పిచ్చి గీతలు" అని చెరిపేసింది అవే.

కాగితం మీద ఉన్నాయి, అదృష్టం. ఇవాళ సెకండ్‌హ్యాండ్ స్కానర్ తెచ్చాను, మూడు వేల ఐదొందలు. మొదటి పుస్తకానికి పిన్ను తీస్తుంటే నాన్న పక్కన కూర్చుని, "మూడో పాట రెండో చరణం, గీత ఉందా చూడు" అన్నారు. లేదు. "ఉండదు. అక్కడికొచ్చేసరికి ఇంజను వాడు డీజిల్ పోసేవాడు, ఆ మోతలో ఏమీ వినబడేది కాదు" అన్నారు.

రేపటి నుంచి ఆ 41 మళ్లీ మొదలు. నల్ల చార్టు ఎంత మందం ఉండాలో చెప్పు అన్నా, మా వీధి షాపులో రెండు రకాలున్నాయి.

డీపీఐ_దాసు | గురువారం, రాత్రి 10:44

మందంది తీసుకో. నిగనిగలాడేది వద్దు, మెరుపు లేనిది.